అదుపు తప్పిన షుగరుతో పద్నాలుగు నెలల్లో ఐదు అడ్మిషన్లు: పడమటి మండలం నుంచి ఒక కేసు

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వైద్యుడిగా పనిచేసిన కాలంలో నేను చూసిన ఒక రోగి కథనం ఇది. ఊరు, మండలం, సంవత్సరం రాయడం లేదు. వయసును, కుటుంబ వివరాలను ఎవరూ గుర్తుపట్టలేనంత మేరకు మార్చాను. ఇన్సులిన్ మోతాదులను మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో మేము చేసిన తప్పు మొత్తం ఆ అంకెల్లోనే ఉంది.

నేపథ్యం

కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ మండలాల్లో ఎక్కువ భాగం వర్షాధార సేద్యం. ఖరీఫ్ పంట ఇంటికి వచ్చినా, చేలోనే ఎండిపోయినా, ఆ తరవాత ఊళ్లకు ఊళ్లే గుంటూరు వైపు వలస పోతాయి. ముందు పత్తి తీత, సంక్రాంతి దాటాక మిరపకాయల కోత. ఉగాది నాటికి మళ్లీ ఊరు చేరతారు. ముసలివాళ్లు, కొందరు బడి పిల్లలు మాత్రం ఇళ్ల దగ్గర మిగులుతారు. షుగరు వైద్యానికి ఈ రాకపోకలతో ఎంత ముడి ఉందో నేను అక్కడ చేరిన మొదటి ఏడాది నాకు తెలియలేదు.

మా వార్డు అడ్మిషన్ రిజిస్టరులో చిరునామా గడి ఉంటుంది. దాన్ని ఎవరూ పెద్దగా చదవరు. ఒకసారి నెలవారీ నివేదిక కోసం పేజీలు తిప్పుతుండగా, 'అదుపు తప్పిన మధుమేహం' అని రాసిన అడ్మిషన్లలో పట్టణం వాళ్ల కంటే పడమటి దిక్కున ఉన్న రెండు మండలాల వాళ్లే ఎక్కువగా కనిపించారు. నేను చదువుకున్నదానికి ఇది విరుద్ధంగా తోచింది. మద్రాసు డయాబెటిస్ పరిశోధనా సంస్థ వారు భారతీయ వైద్య పరిశోధన మండలితో కలిసి దేశమంతటా 1,13,043 మందిని పరీక్షించి 2023లో ప్రచురించిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మధుమేహం పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం పెద్దవాళ్లలో ఉంది. రాష్ట్రాల మధ్య తేడా అంతకంటే పెద్దది: గోవాలో 26.4 శాతం, ఉత్తరప్రదేశ్‌లో 4.8 శాతం. జబ్బు ఎక్కువ ఉన్నచోటి నుంచి అడ్మిషన్లు కూడా ఎక్కువ రావాలని అనుకుంటే, మా రిజిస్టరు తలకిందులుగా ఉంది.

ఆ రోజు నేను దీనికి చెప్పుకున్న సమాధానం చాలా సులువైనది: పడమటి వాళ్లకు చదువు తక్కువ, మందులు సరిగా వాడరు. ఆ సమాధానాన్ని పట్టుకుని తిరిగినందువల్లే ఈ రోగి విషయంలో ఏడాదికి పైగా దారి తప్పాను.

రోగి, మొదటి అడ్మిషన్

నలభైల చివర్లో ఉన్న వ్యవసాయ కూలీ. బరువు 52 కిలోలు. నాలుగేళ్లుగా టైప్ 2 మధుమేహం ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతోంది. డిసెంబరులో విపరీతమైన దాహం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, రెండు నెలల్లో బాగా చిక్కిపోవడం అనే లక్షణాలతో వచ్చింది. రక్తంలో గ్లూకోజు 512 మి.గ్రా. మూత్రంలో కీటోన్లు లేశమాత్రం. స్పృహ, శ్వాస మామూలుగా ఉన్నాయి, అంటే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి తెచ్చే కీటోఅసిడోసిస్ కాదు. మాత్రలు పరిమితికి చేరాయి కాబట్టి, ప్రభుత్వ సరఫరాలో దొరికే 30/70 మిశ్రమ ఇన్సులిన్‌ను (త్వరగా పనిచేసేది 30 వంతులు, నెమ్మదిగా పనిచేసేది 70 వంతులు) ఉదయం 18, రాత్రి 12 యూనిట్లుగా మొదలుపెట్టాం. ఐదో రోజుకు ఉదయపు గ్లూకోజు 130 ప్రాంతానికి వచ్చింది. సిస్టర్ సూది వేసుకోవడం నేర్పింది, ఆమె రెండుసార్లు మా ముందే సరిగా వేసుకుంది. రెండు ఇన్సులిన్ సీసాలు, పది సిరంజీలు ఇచ్చి పంపాం. చీటీలో 'ఇన్సులిన్ సిరంజి' అని మాత్రమే రాశాను. ఈ వాక్యం దగ్గరికి మళ్లీ రావలసి ఉంటుంది.

సంక్రాంతి తరవాత ఆమె గుంటూరు వైపు మిరప కోతకు వెళ్లింది.

ఏం చేశాం, ఏం ఫలించలేదు

మార్చి చివర తిరిగి వచ్చింది. గ్లూకోజు 486, గత మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 12.4. వలస శిబిరంలో మూడుపూటలా అన్నమే తిన్నానని ఆమే చెప్పింది. ఇంటి దగ్గరైతే ఒక పూటైనా జొన్నరొట్టె ఉంటుంది. ఆ మాట వినగానే కారణం దొరికిందనిపించింది. ఆహారం గురించి అరగంట మాట్లాడి, మోతాదును 26, 18కి పెంచి పంపాం. వార్డులో ఉన్న నాలుగు రోజుల్లో గ్లూకోజు చూసుకుంటూ పూటపూటకూ త్వరగా పనిచేసే రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చామే తప్ప, ఇంటికి రాసిచ్చిన మోతాదును వార్డులో ఒక్కరోజు కూడా వాడి చూడలేదు. ఇది మా దగ్గర మామూలుగా జరిగేదే. రోగి ఇంటికి పోవాలని తొందరపడుతుంది, మంచం కోసం మరొకరు వరండాలో ఉంటారు, పెంచిన అంకె డిశ్చార్జి కాగితం మీద మాత్రమే పెరుగుతుంది.

జూన్‌లో మూడో అడ్మిషన్. ఈసారి ఇన్సులిన్ చెడిపోయి ఉంటుందని అనుమానించాను. ఇంట్లో ఫ్రిజ్ లేదు, ఆ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. అనుమానం సహేతుకమే గానీ దాని మీద నేను పెట్టుకున్న నమ్మకం ఎక్కువ. కెన్యాలోని దాగహాలే శరణార్థి శిబిరపు ఉష్ణోగ్రతలను అనుకరించి ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు) అనే స్వచ్ఛంద సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం చేసిన పరీక్షల్లో, 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగిసలాడే వేడిలో తెరిచిన ఇన్సులిన్ నాలుగు వారాలపాటు శక్తి కోల్పోలేదని 2021లో వెల్లడైంది. మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న డబ్బా పెట్టి సీసా ఉంచితే మన ఊళ్లలో కూడా దాదాపు ఆ పరిధిలోకి తేవచ్చు. ఆమె కుండ ఏర్పాటు చేసుకుంది, కోడలు ఇసుక తడుపుతూ వచ్చింది. ఆమె తెచ్చిన సీసాను నేనే చేతుల మధ్య దొర్లించి చూశాను. గడ్డలు లేవు, గోడకు మంచు పట్టినట్టు తెల్లని పొర లేదు, పాలలా సమంగా కలిసింది. అయినా మోతాదును 30, 20కి పెంచాను.

సెప్టెంబరులో నాలుగోసారి వచ్చింది. ఈసారి దాగిన కారణాలన్నీ వెదికాం. ఛాతీ ఎక్స్‌రే, కఫానికి సీబీనాట్ పరీక్ష చేయించాం, క్షయ లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు, థైరాయిడ్ బాగుంది. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉండడం మా ప్రాంతంలో తరచుగా చూసేదే, అది షుగరును ఆకాశానికి ఎక్కిస్తుంది. అందుకే ఆమె సంచి మొత్తం మంచం మీద పోయించి ప్రతి స్ట్రిప్పూ చూశాను. పారాసిటమాల్, మా మెట్‌ఫార్మిన్ తప్ప ఏమీ లేవు. సిరంజీలు కూడా అదే సంచిలో ఉండి ఉంటాయి. నేను మాత్రల కోసం వెదుకుతున్నాను కాబట్టి అవి నా కంట పడలేదు. పొట్ట మీద, తొడల మీద సూది వేసేచోట చర్మం గట్టిపడిందా అని తడిమి చూశాం, చెప్పుకోదగ్గది లేదు. మోతాదు 34, 24 అయింది.

ఈ నాలుగో అడ్మిషన్లోనే ఫార్మసీ లెక్క ఒకటి నా ముందుకు వచ్చింది, దాన్ని నేను తప్పుగా చదివాను. మా సీసాలో 10 మి.లీ. మందు ఉంటుంది, మి.లీ.కి 40 యూనిట్లు, అంటే సీసాకు 400 యూనిట్లు. అప్పటికి ఆమె వాడుతున్న రోజుకు 50 యూనిట్ల చొప్పున నెలకు దాదాపు నాలుగు సీసాలు కావాలి. ఆమె నెలకు రెండు సీసాలకు మించి ఎప్పుడూ తీసుకోలేదు. ఫార్మసిస్టు ఈ విషయం చెప్పగానే, సగం సూదులు ఎగ్గొడుతోందని నేను తేల్చేశాను. కేస్ షీటులో 'మందులు క్రమంగా వాడడం లేదు' అని రాశాను. ఆమెను నిలబెట్టి అడిగాను కూడా.

"రోజూ ఏసుకుంటానే ఉన్నా సార్, ఒక్క పూట గూడా ఇడిసిపెట్టల్యా. కావాలంటే నా కొడుకునడుగు" అంది. అడగలేదు.

ఐదో అడ్మిషన్, మూడో రాత్రి

మరుసటి ఏడాది జనవరి చివర్లో, మిరప కోతకు వెళ్లిన రెండు వారాలకే, కూలీలను తీసుకెళ్లిన మేస్త్రీ ఆమెను బస్సెక్కించి వెనక్కి పంపాడు. గ్లూకోజు 468. ఈసారి నేనొక నిర్ణయం తీసుకున్నాను: నీరసం తీరి తిండి మొదలుపెట్టగానే, ఇంటి మోతాదు 34, 24ను ఉన్నది ఉన్నట్టుగా సిస్టర్ చేతే వేయించి చూడాలి. నా ఉద్దేశం ఆమె ఇంట్లో వేసుకోవడం లేదని నిరూపించడం. ఉద్దేశం మంచిది కాదు గానీ పరీక్ష మంచిదే అయింది.

మూడో రాత్రి రెండున్నరకు డ్యూటీ సిస్టర్ ఫోన్ చేసింది. రోగికి జాకెట్టు తడిసిపోయేంత చెమట, చేతులు వణుకు, గ్లూకోజు 54. మింగగలిగే స్థితిలో ఉంది కాబట్టి గ్లూకోజు పొడి కలిపిన నీళ్లు తాగించి, పావుగంటకు మళ్లీ చూసి, రెండు బిస్కెట్లు తినిపించారు. తెల్లారేసరికి నా వాదన గెలిచినట్టే కనిపించింది: సూది పడితే షుగరు దిగుతోంది, అంటే ఇంట్లో సూది పడడం లేదు.

అయితే ఇందులో ఒక సందు ఉంది. వార్డు భోజనం కొలత భోజనం. ఇంట్లో తినేదానిలో సగం ఉంటుంది. దిగడానికి కారణం ఆహారమేమో తేలాలి. మోతాదును 24, 16కి తగ్గించి, రెండు రోజులు కోడలిని ఇంటి తిండే తెమ్మన్నాం. అన్నం, జొన్నరొట్టె, పప్పు ఆమె ఎప్పుడూ తినేంత తిన్నది. ఒక ఉదయం వీధిలోంచి ఉగ్గాని కూడా తెప్పించుకుంది. గ్లూకోజు 90కి, 150కి మధ్యనే ఉంది. ఆహారం కారణం కాదని తేలింది.

మిగిలింది 'వేసుకోవడం లేదు' ఒక్కటే అని రౌండ్స్‌లో అన్నప్పుడు, రాత్రి డ్యూటీ చేసిన సిస్టరే అడ్డుపడింది. "సార్, వేసుకోని మనిషి ఇలా ఉంటుందా? ఈమె సూది టైముకు నాకంటే ముందే సీసా చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. ఒకసారి ఆమె సిరంజితో ఆమెనే తీయమందాం." ఈ కేసులో సరైన ప్రశ్న అడిగింది ఆమె, నేను కాదు.

కోడలు ఇంటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కవరును మంచం మీద విప్పింది. రోగి సీసాను రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించింది, రబ్బరు మూతను దూదితో తుడిచింది, సిరంజిలోకి గాలి తీసి సీసాలోకి వదిలింది, తలకిందులుగా పట్టుకుని కంటి ఎత్తుకు తెచ్చి మందు లాగింది. బుడగ కనిపిస్తే గోటితో రెండుసార్లు తట్టి పైకి పంపింది. 34వ గీత దగ్గర ఆపి నా వైపు చూసింది. మేము నేర్పినదాంట్లో ఒక్క మెట్టు కూడా తప్పలేదు. మంచం మీద పడి ఉన్న సూది మూత నారింజ రంగులో ఉంది.

మా సీసాలో మి.లీ.కి 40 యూనిట్లు. దానికి వాడవలసింది 40 గీతల సిరంజి, ఎర్ర మూతది. ఆమె చేతిలో ఉన్నది మి.లీ.కి 100 యూనిట్ల మందు కోసం చేసిన సిరంజి. దాని మీద 34వ గీత అంటే 0.34 మి.లీ., మా మందులో అది 13.6 యూనిట్లు మాత్రమే. రాత్రి 24వ గీత 9.6 యూనిట్లు. రోజుకు 58 వేసుకుంటోందని మేము అనుకున్న మనిషి ఒంట్లోకి పోతున్నది 23.2. వెనక్కి వెళ్లి ప్రతి మోతాదునూ లెక్కవేశాను. మార్చిలో రాసిన 44 నిజానికి 17.6, జూన్‌లో రాసిన 50 నిజానికి 20. మూడుసార్లు పెంచినా మొదటి అడ్మిషన్లో రాసిన 30ని ఒక్కసారీ చేరలేదు. సీసాల లెక్క కూడా సరిపోయింది: రోజుకు 20 అయితే నెలకు ఒకటిన్నర సీసా. ఆ లెక్క 'ఎగ్గొడుతోంది' అనే అనుమానానికి ఎంత నప్పిందో, 'తప్పు సిరంజి' అనే అనుమానానికీ అంతే నప్పుతుంది. రెండింట్లో రోగిని తప్పుపట్టేది ముందు తోచింది, దాని దగ్గరే ఆగిపోయాను.

ఆ సిరంజి ఎలా వచ్చిందో కొడుకు చెప్పాడు. మేము ఇచ్చిన పది సిరంజీలు మొదటి మిరప సీజన్లో అయిపోయాయి. అక్కడి మందుల షాపులో ఇన్సులిన్ సిరంజి అని అడిగితే ఇచ్చారు. ఊరికి వచ్చాక అవి అయిపోయిన ప్రతిసారీ, ఖాళీ కవరు చూపించి 'ఇట్లాంటివే ఇయ్యి' అని క్రాస్‌రోడ్డు షాపులో తెచ్చాడు. తప్పు తెచ్చుకోకూడదని చూపించిన కవరే తప్పును ఏడాదిపాటు నిలబెట్టింది. మా ఫార్మసీలో సీసాలు ఇచ్చినంత క్రమంగా సిరంజీలు ఇవ్వలేకపోయాం, ఇచ్చిన చీటీలో రకం రాయలేదు. ఈ రెండూ మా తప్పులే అని ఆమెకూ కొడుకుకూ స్పష్టంగా చెప్పాను. అంతకుముందు ఆమెను నిలబెట్టి అడిగిన మాట నాకు గుర్తుంది, ఆమెకూ గుర్తుండి ఉంటుంది. "ఐతే నేను సరిగ్గానే ఏసుకుంటున్నా కద సార్" అని ఒక్క మాట అంది.

మోతాదును తిరిగి కట్టడం

ఈ దశలో కొత్త ప్రమాదం ఒకటి ఉంది. సిరంజి మార్చి మోతాదు మార్చకపోతే, 58 యూనిట్లు నిజంగానే ఒంట్లోకి పోతాయి. వార్డులో జరిగింది పొలంలో జరిగితే గ్లూకోజు నీళ్లు కలిపేవారు ఉండరు. అందువల్ల పాత చీటీలన్నీ తెప్పించి, 34, 24 అని ఉన్న ప్రతిచోటా అడ్డంగా కొట్టి సంతకం చేశాను. ఇంట్లో మిగిలిన నారింజ మూత సిరంజీలను కొడుకు తెచ్చి సిస్టర్‌కు అప్పగించాడు.

మూడు దారులు ఆలోచించాం. ఉన్న సిరంజితోనే గీతల లెక్క మార్చి చెప్పడం ఒకటి: 30 యూనిట్లకు 75 గీతలు. కాగితం మీద సరిపోతుంది, కానీ ఎవరో ఒకరోజు ఎర్ర మూత సిరంజి చేతికిచ్చినా, 100 యూనిట్ల సీసా తెచ్చినా మనిషి ప్రాణం మీదికి వస్తుంది. వదిలేశాం. పెన్ను ఇన్సులిన్ రెండోది. గీతల గొడవ ఉండదు, అయితే కార్ట్రిడ్జి, సూదులు ప్రతినెలా కొనుక్కోవాలి, మా సరఫరాలో అవి లేవు. డబ్బు లేని నెల వచ్చిందంటే మళ్లీ సీసా, మళ్లీ ఏదో ఒక సిరంజి. మూడోది, ఎర్ర మూత సిరంజికే కట్టుబడి మొదటి మోతాదు దగ్గర మొదలుపెట్టడం. దీన్నే ఎంచుకున్నాం. 18, 12 దగ్గర ఇంటి తిండితో నాలుగు రోజులు వార్డులోనే చూశాం. ఉదయం 110 నుంచి 140, రాత్రి భోజనానికి ముందు 150 ప్రాంతం. పద్నాలుగు నెలల కిందట రాసిన అంకెలే.

తరవాత మిరప చేను సంగతి. కోత తెల్లవారకముందే మొదలవుతుంది, సద్ది మూట విప్పేది తొమ్మిది, పది గంటలకు. మిశ్రమ ఇన్సులిన్ వేసుకున్న అరగంటలో తినకపోతే పొలంలో కళ్లు తిరుగుతాయి. ఆమెకు మొదటి సీజన్లో అలా రెండుసార్లు అయిందని ఇప్పుడు చెప్పింది. మేము అడగలేదు కాబట్టి అంతకుముందు చెప్పలేదు. రాత్రి ఒక్కసారే వేసే ఇన్సులిన్‌కు మార్చుదామా అని చర్చించాం, కానీ మధ్యాహ్నం, రాత్రి తినే అన్నానికి అది చాలదనిపించింది. చివరికి ఆమే ఒక ఏర్పాటు చెప్పింది: చీకటితో సూది, వెంటనే ఒక రొట్టె, మిగతాది పది గంటలకు. కొంగున బెల్లం ముక్క ఎప్పుడూ ముడివేసి ఉండాలి, చెమట పడితే నడుం వాల్చకముందే నోట్లో వేసుకోవాలి. పక్క వరుసలో కోసే ఇద్దరికి ఈ విషయం చెప్పి ఉంచాలి.

మూడు నెలల సీజన్‌కు రోజుకు 30 చొప్పున ఏడు సీసాలు కావాలి. మా దగ్గర ఒకసారికి నెలకు మించి ఇవ్వరు. పోయిన సీజన్లో ఆమె మందు కోసం ఇబ్బంది పడిన వారాలను తేదీలతో రాసి చూపించి, వలస వెళ్లే రోగులకు సీజన్ మొత్తానికి ఇచ్చేలా సూపరింటెండెంటు గారి అనుమతి తీసుకున్నాం. వాడే సీసా కుండలో పెట్టుకుంటుంది, పదమూడు రోజుల్లో అయిపోతుంది కాబట్టి దిగులు లేదు. మిగతా సీసాలను చేను యజమాని ఇంటి ఫ్రిజ్‌లో, మంచు గడ్డకట్టే అరలో కాకుండా కింద పెట్టేలా మేస్త్రీతో మాట్లాడించాం. 104 వాహనం ఊరికి వచ్చే రోజుల్లో ఆమె ఊళ్లో ఉండదు, అందుకని దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడి పేర తెలుగులో ఒక పేజీ రాసిచ్చాను. ఆ పేజీ పైన పెద్ద అక్షరాలతో: 40 సీసా, 40 సిరంజి, ఎర్ర మూత.

ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ 8.2. గొప్ప అంకె కాదు. తరవాతి సీజన్లో అడ్మిషన్ లేదు. కాలి మీద గడ్డ లేచి ఒకసారి 310తో ఓపీకి వచ్చింది, గడ్డ కోసి యాంటీబయాటిక్ ఇచ్చి అదేరోజు పంపగలిగాం.

రిజిస్టరు దగ్గరికి మళ్లీ

ఈ కేసు తరవాత చిరునామా గడిని మళ్లీ, ఈసారి కేస్ షీట్లు పక్కన పెట్టుకుని చదివాను. అమెరికాలో ఏహెచ్‌ఆర్‌క్యూ అనే ప్రభుత్వ సంస్థ, మధుమేహపు ఇతర సమస్యలేవీ లేకుండా, అదుపు తప్పిన మధుమేహం కారణంగానే చేరిన పెద్దవాళ్ల సంఖ్యను లక్ష జనాభాకు ఇంత అని ప్రాంతాలవారీగా లెక్కగడుతుంది. ఆ ప్రాంతంలో ఆసుపత్రి బయటి వైద్యం ఎలా ఉందో అంచనా వేయడానికి అదొక కొలత. అందులో లెక్క రోగి నివసించే చోటును బట్టి ఉంటుంది, చేరిన ఆసుపత్రిని బట్టి కాదు. ఒకే ఆసుపత్రి రిజిస్టరును పట్టుకుని ప్రాంతాలను పోల్చబోయిన నాకు ఆ తేడా విలువ తెలిసివచ్చింది.

మొదట బయటపడింది నా సొంత అలవాటే. 400 దాటిన గ్లూకోజుతో, కీటోన్లు లేకుండా వచ్చిన పట్టణం రోగిని రెండు గంటలు సెలైన్ పెట్టి, రేపు ఉదయం ఓపీకి రమ్మని పంపేవాణ్ని. అదే అంకెతో పడమటి ఊరి నుంచి వచ్చినవారిని చేర్చుకునేవాణ్ని, ఎందుకంటే ఆఖరి బస్సు సాయంత్రమే వెళ్లిపోతుంది, రేపు మళ్లీ రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. వైద్యపరంగా రెండూ సరైన నిర్ణయాలే, ఇప్పుడైనా అలాగే చేస్తాను. కానీ రిజిస్టరులో ఒకటి కనిపిస్తుంది, మరొకటి కనిపించదు. పడమటి మండలాల అడ్మిషన్లలో కొంత భాగం ఆ బస్సు వేళల వల్ల వచ్చింది.

రెండోది కాలం. ఆ మండలాల అడ్మిషన్లు ఏడాది పొడవునా సమంగా లేవు. ఉగాదికి అటూ ఇటూ గుంపుగా ఉన్నాయి, అంటే వలస నుంచి దిగిన వారాల్లో. పట్టణం వాళ్లలో ఈ గుంపు లేదు. నెలవారీ సగటు తీస్తే ఇది మాయమవుతుంది.

తుది నిర్ధారణ రాసే పద్ధతి కూడా లెక్కను మారుస్తుంది. కాలి పుండుతో చేరిన మధుమేహ రోగిని ఒక డాక్టరు 'సెల్యులైటిస్' (చర్మం కింద ఇన్ఫెక్షన్) అని రాస్తే, మరొకరు 'అదుపు తప్పిన మధుమేహం' అని రాస్తారు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, అందరం ఒకేలా రాద్దామని అనుకున్నాం, కొంతవరకు రాస్తున్నాం.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టినవి ఖాళీలు. సరిహద్దు అంచున ఉన్న కొన్ని ఊళ్ల పేర్లు రిజిస్టరులో ఒక్కసారీ లేవు. అక్కడ షుగరు లేదని అనుకోవడానికి వీల్లేదు. ఆశా కార్యకర్తల సమావేశంలో అడిగితే, ఆ ఊళ్లవాళ్లు రాయచూరుకో, బళ్లారికో పోతారని, పోలేనివాళ్లు ఊళ్లోనే సెలైన్ పెట్టించుకుంటారని చెప్పారు. మా లెక్కలో బాగున్నట్టు కనిపించిన ఊళ్లు అవి. పడమటి మండలాన్ని పట్టణంతో పోల్చి విస్తుపోయిన నేను, ఆ ఖాళీలను ఒక్కసారి కూడా ప్రశ్నించలేదు.

ఇక సిరంజీలు. ఓపీకి వచ్చే ఇన్సులిన్ రోగులందరినీ, వాడే సీసా, సిరంజి రెండూ తెచ్చి మా ముందు మందు తీసి చూపించమని అడగడం మొదలుపెట్టాం. దీనికి ఒక్కో రోగికి రెండు నిమిషాలు పడుతుంది, సిస్టర్లు చేస్తారు. మొదటి నెలలోనే అదే మండలం నుంచి మరో ఇద్దరి దగ్గర నారింజ మూత సిరంజీలు దొరికాయి. ఇద్దరూ క్రాస్‌రోడ్డు షాపులోనే కొన్నారు. వెళ్లి చూస్తే షాపతను దురుద్దేశం ఉన్న మనిషి కాదు, రెండు రకాలనూ ఒకే అట్టపెట్టెలో పోసి ఉంచాడు, చేతికి ఏది వస్తే అది ఇస్తాడు. పెట్టెకు మధ్యలో అట్టముక్క అడ్డంపెట్టి, సీసా చూసి సిరంజి ఇవ్వమని చెప్పి వచ్చాను. తరవాత వెళ్లినప్పుడు అట్టముక్క అలాగే ఉంది, రెండు వైపులా రెండు రకాలూ కలిసే ఉన్నాయి. అప్పటి నుంచి మా వార్డులో డిశ్చార్జి అయ్యేవారికి సీసాతోపాటు సరిపడా సిరంజీలు ఇచ్చే పూచీ మాదే అనుకున్నాం. సరఫరా లేని నెలల్లో చీటీ మీద ఎర్ర పెన్నుతో మూత బొమ్మ గీసి ఇస్తున్నాం.

మరుసటి ఏడాది సమీక్షా సమావేశంలో, ఇంత చేశాక కూడా ఆ మండలం నుంచి అడ్మిషన్లు తగ్గకపోగా పెరిగాయేమిటని అడిగారు. కేస్ షీట్లు తీసి చూపించాను. పాతవాళ్లలో మళ్లీ చేరినవారు ఇద్దరే. మిగతావాళ్లు మా దగ్గరికి మొదటిసారి వచ్చినవాళ్లు, చాలామంది రిజిస్టరులో అంతవరకు పేరే లేని ఊళ్ల నుంచి ఆశాల మాట మీద వచ్చినవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయన సంచిలో నారింజ మూత సిరంజీలు నాలుగు ఉన్నాయి. రాయచూరులో కొన్నానని చెప్పాడు.